వట్టి కాళ్ళతో బండి నడిపిన మనిషి

తమిళ ఆడి నెల మొదటి వారంలో ఆయన పోయాడు. కబురు అందేసరికి నేను తిరువళ్ళూరులో ఆఫీసులో ఉన్నాను. అత్తిమంజేరిపేట చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వాకిట్లో షామియానా కింద ఇద్దరు ముసలివాళ్ళు గొంతు తగ్గించి వాదించుకుంటున్నారు. ఆయన బండి లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇచ్చేదని ఒకాయన, కాదు పదిహేను ఇచ్చేదని ఇంకొకాయన. లోపల మనిషిని పడుకోబెట్టి ఉన్నారు. నేను లోపలికి వెళ్ళి కాళ్ళ దగ్గర నిలబడ్డాను. ముఖం చూడడానికి ధైర్యం చాలలేదు, పాదాలే చూశాను.

ఆ పాదాలు నాకు బాగా తెలుసు. బండి ఎక్కేముందు చెప్పులు విడిచి సీటు కింద పెట్టేవాడు. వట్టి కాళ్ళతో నడిపేవాడు. బొటనవేలు పక్కకు విరుచుకుని, మడమ నేలకు ఆనించి, యాక్సిలేటరు మీద మునివేళ్ళు మాత్రం ఉంచేవాడు. పెడలు మీద కాలు పెట్టినట్టు ఉండేది కాదు, నిద్రపోతున్న బిడ్డ మీద చెయ్యి వేసినట్టు ఉండేది.

మా వీధిలోనే ఆయన ఇల్లు. చుట్టరికం లేదు. నేత ఇళ్ళ వీధిలో అందరూ అన్నలే, అక్కలే, అందుకని నాకు ఆయన అన్న, ఆయన భార్య వదిన. చిన్నప్పటి నుంచి గుంతమగ్గం తొక్కాడు. తర్వాత కరెంటు మగ్గాలు రెండు పెట్టాడు. అవీ సాగక, యాభై దాటాక రెండింటినీ అమ్మేసి కొత్త పికప్ బండి కొన్నాడు. తెల్లది. వీధిలో నేసిన లుంగీల మూటలు వారానికి మూడు రోజులు తిరుత్తణికి, తిరువళ్ళూరుకు వేసుకుపోయేవాడు. ఆ మూడు రోజులూ నేను ముందు సీట్లో కూర్చుని ఆఫీసుకు పోయేవాణ్ణి. ఆయన గురించి నాకు తెలిసిందంతా ఆ సీట్లో కూర్చుని తెలుసుకున్నదే.

బండి కొన్న నెలకే ఆయనకు ఒక దిగులు పట్టుకుంది. షోరూములో ఇచ్చిన కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు.

"ఈ కాయితంలో పదహారు అని ఉండాది తమ్ముడా. నాకు పదకొండే ఇస్తాండాది. మిగతా అయిదూ యాడికి పోయినాయి?"

ఇంట్లోంచి ఎవరో చెప్పకుండా వెళ్ళిపోయినట్టు అడిగేవాడు. ఆయన పిసినారి కాదు. కనకమ్మసత్రం కూడలిలో ఆగితే పక్క లారీవాళ్ళకు కూడా టీ ఇప్పించేవాడు. వృథా అంటేనే ఓర్చుకోలేడు. మగ్గం మీద తెగిన పోగుల ముక్కల్ని కూడా పారేయకుండా ముడివేసి దాచిన చేతులవి. "నూలు తెగితే కంటికి కనపడతాది. డీజిలు పోతే కనపడదు. కనపడకుండా పోయేదాంతోనే నాకు బయ్యం" అనేవాడు.

నన్ను వెంటబెట్టుకుని తిరువళ్ళూరు షోరూముకు వెళ్ళాడు. సర్వీసు చూసే కుర్రాయన కంప్యూటరుకు వైరు తగిలించి చూసి, బండిలో ఏ లోపమూ లేదన్నాడు. "మైలేజి ఇంజనులో లేదయ్యా, మీ కాలిలో ఉంది" అని తమిళంలో నవ్వుతూ చెప్పాడు. అన్న నవ్వలేదు. మరునాడు చెప్పులు విడిచి బండెక్కాడు.

"ముప్పై యేండ్లు మగ్గం గుంతలో తొక్కినా. కాలంటే ఏందో వాడా నాకు చెప్పేది?"

అప్పటి నుంచి ఒకటా రెండా. టైర్లలో గాలి రోజూ తనే చూసుకునేవాడు. పైన కట్టిన ఇనుప క్యారియరు విప్పించాడు. టార్పాలిన్ గాలికి కొట్టుకోకుండా మగ్గానికి పడుగు బిగించినట్టు బిగించేవాడు. డీజిలు గొట్టానికి అయస్కాంతం కడితే మంచిదని ఎవరో చెబితే కట్టాడు. ట్యాంకులో పోసే మందుసీసాలు తెచ్చాడు. ఆగి ఉన్న బండిలో ఒక్క నిమిషం కూడా ఇంజను నడవనిచ్చేవాడు కాదు. రైల్వే గేటు దగ్గర అందరికంటే ముందు ఆయన ఇంజనే ఆగేది.

బంకులో మాత్రం నాకు సిగ్గుగా ఉండేది. ట్యాంకు మూతి దాకా నింపించి, తిరిగి, మళ్ళీ మూతి దాకా నింపించి, ఎంత పట్టిందో చూసి లెక్క కట్టాలి. ట్యాంకులో గాలి ఉండిపోతే లెక్క తప్పుతుందని బండిని పక్క నుంచి పట్టుకుని ఊపేవాడు. "నువ్వు ఆ పక్క పట్టు తమ్ముడా" అనేవాడు. ఆఫీసు చొక్కాతో నేను బండి ఊపుతుంటే బంకు ఆడపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఆయనకు అవేవీ పట్టవు. గుళగుళమని గాలి బుడగ పైకి వచ్చే శబ్దం కోసం చెవి ఒగ్గి నిలబడేవాడు.

బరువు తగ్గించాలని అదనపు టైరును ఇంట్లో వదిలేశాడు ఒకసారి. ఆ రోజే కనకమ్మసత్రం దాటాక వెనక టైరు పంక్చరైంది. ఎండలో రెండు గంటలు నిలబడ్డాం. ఆ రోజు వదిన కూడా బండిలో ఉంది. మంగళవారాల్లో ఆమె తిరువళ్ళూరు దాకా వచ్చేది. మగ్గాలు ఉన్నన్నాళ్ళూ కండెలు చుట్టిన మనిషి, అవి పోయాక చేతులకు పని లేక ఇంట్లో ఉండలేకపోయేది. రోడ్డు పక్కన కొంగు నెత్తిన వేసుకుని కూర్చుని, "టైరు దించేసినావు. ఇంగ నన్ను గూడా దించేసెయ్. అందరికన్నా బరువు నేనే గదా" అని నవ్వింది.

వదిన నోటికి అలుపు ఉండేది కాదు. కిటికీ పక్కన కూర్చుంటే దారిలో కనపడిన ప్రతి బోర్డునూ పైకి చదివేది. ఎరువుల అంగడి, కల్యాణ మండపం, పళ్ళ డాక్టరు, ఏదీ వదిలేది కాదు. వాటి మధ్యలో ఎవరింట్లో ఏం జరిగిందో చెప్పేది. అన్న ఇంజను శబ్దంలో తేడా పట్టుకోవాలని చూసేవాడు. "కొంచేపు నోరు మూసుకోవే, బండి ఏమంటాండాదో ఇననీ" అనేవాడు. ఆమె రెండు బోర్డులు వదిలిపెట్టి మూడోది చదివేది.

ఇన్ని చేసినా పదకొండు పదకొండున్నర అయింది, అంతే. పైగా తిరుత్తణి చేరకముందు కొండ పక్కన రోడ్డు నిలువుగా పైకి లేచే ఒక ఎక్కుడు ఉంది. నిండు మూటలతో అక్కడికి వచ్చేసరికి బండి మూడో గేరుకు దిగి మూలిగేది. ఆ మూలుగు వింటే ఆయన దవడ బిగుసుకునేది.

అప్పుడు ఫోనులో ఒక వీడియో చూశాడు. సబ్బుపెట్టెంత నల్ల డబ్బా. ఇంజను దగ్గర ఒక వైరు విప్పి మధ్యలో దీన్ని తగిలిస్తే బలమూ పెరుగుతుందట, మైలేజీ పెరుగుతుందట. అలాంటిది అమ్మే అంగడి మా ఆఫీసుకు రెండు వీధుల అవతలే ఉంది. నేనే కొనుక్కొచ్చాను. లోపల ఇంగ్లీషులో ఉన్న చీటీ కూడా నేనే చదివి చెప్పాను. ఇంజను లైటు వెలిగితే వెంటనే డబ్బా తీసేసి సర్వీసుకు పోవాలని అందులో ఉంది. "సరి, సరి" అన్నాడు.

మరునాడు ఆ ఎక్కుడు దగ్గర గేరు మార్చలేదు. నాలుగో గేరులోనే, నిండు బరువుతో, బండి పైకి పోయింది. ఆయన స్టీరింగు మీద అరచేత్తో కొట్టి కొట్టి నవ్వాడు.

"ఎక్కతాండాది తమ్ముడా! సూడు, ఎక్కతాండాది!"

మగ్గాలు అమ్మిన తర్వాత ఆయన అలా నవ్వడం నేను చూడలేదు. ఎన్నాళ్ళుగానో ఏదీ తన మాట వినని మనిషికి ఒక వస్తువు మాట విన్న సంతోషం అది. ఆ సాయంత్రం బంకులో డీజిలు పోయించి, పదమూడున్నర వచ్చిందన్నాడు. ఆ రోజు ఆయన బండిని ఊపలేదు. మూతి దాకా నిండకముందే చాలు అని చెయ్యి అడ్డం పెట్టాడు. నేను చూశాను. ఏమీ అనలేదు. ఆ తర్వాత కూడా చాలాసార్లు చూసి, ఏమీ అనలేదు.

మూడు వారాలు గడిచాక, స్టీరింగు ఎదుటి పలక మీద పసుపు రంగు ఇంజను లైటు వెలిగింది. ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే పోయింది.

"డబ్బా తీసేద్దామా అన్నా?" అన్నాను.

"తీసేస్తే మళ్ళా పదకొండుకి పోతాది. లైటు పోయింది గదా. షోరూముకి పోతే ఈ డబ్బా చూసి గ్యారంటీ లేదంటారు. సూద్దాంలే."

నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత పది రోజులకు, ఒక గురువారం పొద్దున. మూటలు ఎక్కించడం అయిపోయింది. వదిన నాకు కాఫీ తెచ్చి ఇస్తోంది. గ్లాసు నా చేతికి అందకముందే ఆమె చేతిలోంచి జారి పడింది. వంగి తీయబోయి అలాగే కూలబడింది. నోరు ఒక పక్కకు పోయింది. ఏదో అంటోంది కానీ మాట ముద్దగా వస్తోంది. తెల్లవారకముందు నుంచే కుడి చెయ్యి తిమ్మిరిగా ఉందని పక్కింటి అక్కతో అందట. అన్నకు చెప్పలేదు. అలాగే నీళ్ళు తోడి, వంట చేసింది.

పక్కింటి అక్క అరిచింది. "అంబులెన్సుకి ఫోన్ చెయ్యండప్పా!"

నేను ఫోను బయటికి తీశాను.

"బండి వాకిట్లోనే ఉండాది గదా! అది వచ్చేలోపల మనం తిరుత్తణిలో ఉంటాం. పట్టుకో ఆమెను" అన్నాడు అన్న.

నేను ఫోను జేబులో పెట్టేసుకున్నాను.

మూటల్ని వీధిలోకి దొర్లించి, వదినను మధ్యలో కూర్చోబెట్టి బయలుదేరాం. ఎనిమిది గంటల బస్సు మా ముందే పోయింది. ఊరు దాటాక దాన్ని దాటేశాం. అంత వేగంగా ఆయన ఎప్పుడూ నడపలేదు. వట్టి కాలు పెడలును నేలకు తొక్కేసింది. వదిన తల నా భుజం మీద ఉంది. ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకుంది.

ఎక్కుడు ఇంకా రాలేదు. పసుపు లైటు వెలిగింది. వెంటనే ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు బండి బలం పోయింది. అరవై నుంచి నలభై, నలభై నుంచి ముప్పై. ఆయన తొక్కుతూనే ఉన్నాడు. కాలివేళ్ళు తెల్లబడిపోయాయి. ఇంజను మాత్రం వినలేదు. ఆపి మళ్ళీ స్టార్ట్ చేశాడు. లైటు పోలేదు. కిందికి దూకి బానెట్టు ఎత్తి, కాలే ఇంజను మధ్య చేతులు పెట్టి డబ్బా పీకి ముళ్ళకంపలోకి విసిరేశాడు. వైరు మళ్ళీ కలపబోతే ఎంతకీ కలవలేదు. నేను దిగి కలిపాను. అయినా లైటు పోలేదు. ఎక్కుడు మీద బండి నడిచే మనిషిలా పోయింది. మేం దాటొచ్చిన బస్సు మమ్మల్ని దాటిపోయింది. పాలక్యాన్లు కట్టుకున్న మోపెడ్ ఒకటి దాటిపోయింది. దాన్ని నడిపే ఆయన తిరిగి చూసి, దారి కావాలేమో అనుకుని పక్కకు జరిగాడు.

వదిన ఒకే శబ్దం చేస్తోంది. మళ్ళీ మళ్ళీ అదే.

"ఏమే? ఏమంటాండావు? చెప్పవే! చెప్పు!" అని అన్న అరుస్తూనే ఉన్నాడు, రోడ్డు మీది నుంచి కళ్ళు తిప్పకుండా.

తిరుత్తణి ఆస్పత్రిలో చూసి, అంబులెన్సులో తిరువళ్ళూరుకు పంపారు. అక్కడ స్కాన్ తీసిన తర్వాత ఒక డాక్టరమ్మ బయటికి వచ్చింది. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షను ఉందని, దానికి ఒక సమయం ఉంటుందని, అది దాటిపోయిందని చెప్పింది. "కొంచెం ముందుగా వచ్చుండొచ్చు కదా" అంది తమిళంలో. తిట్టినట్టు కాదు, జాలిగానే అంది.

"కొంచెం అంటే ఎంతమ్మా?" అన్నాడు అన్న.

ఆమె అప్పటికే ఇంకొక మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

వదిన బతికింది. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. ఆ ఒక్క శబ్దం మిగిలింది. ఆకలికీ, నొప్పికీ, కోపానికీ అదే.

బండిని షోరూముకు లాక్కుపోతే రెండు గంటల్లో బాగుచేసి ఇచ్చారు. ఏదీ విరగలేదు, ఏదీ కాలలేదు. మామూలుకు మించి ఒత్తిడి పడితే ఇంజను పాడవకుండా బండే తన బలాన్ని తగ్గించుకుంటుందట. అన్న బయటికి వచ్చి ఆ మాట నాకు చెప్పాడు.

"అది తన్ను తాను కాపాడుకున్యాది తమ్ముడా. దాని తప్పేం లేదు."

ఆ తర్వాత రెండేళ్ళు ఆయన అదే బండి నడిపాడు. చెప్పులు వేసుకునే నడిపేవాడు. బంకులో దిగేవాడు కాదు. ఎంత పోశారో చూసేవాడు కాదు. కొత్తగా బండి కొన్నవాళ్ళు వచ్చి మైలేజి గురించి అడిగితే, "నాకు తెలీదప్పా" అనేవాడు. వాళ్ళు దాస్తున్నాడనుకునేవాళ్ళు. అదనపు టైరు, క్యారియరు, అన్నీ మళ్ళీ బండెక్కాయి. ఆ ఎక్కుడు దగ్గర మూడో గేరులో బండి మూలిగితే ఆయన ముఖంలో ఏమీ కదిలేది కాదు.

వదినకు నీళ్ళు పోయడం, తల దువ్వడం, జడ వేయడం అన్నీ తనే. కూతురు వచ్చి పిలిచినా పంపలేదు. వ్యాయామం చేయించడానికి వారానికోసారి తిరుత్తణికి తీసుకుపోయేవాడు. ఒకసారి నేనూ వాళ్ళతో వెళ్ళాను. వదిన కిటికీ పక్కన కూర్చుంది. ఆయన నడుపుతూ దారిలోని బోర్డులన్నీ పైకి చదువుతున్నాడు. తమిళం చదవడం ఆయనకు కూడబలుక్కుంటేగానీ రాదు. సగం చదివేసరికి బోర్డు దాటిపోయేది. ఎరువుల అంగడి దగ్గర "ఉ...ర..." అని ఆగిపోయి, తర్వాతిది పట్టుకునేవాడు. వదిన బయటికి చూస్తూ ఉంది. వింటోందో లేదో ఎవరికి తెలుసు.

ఆయన్ను చివరిసారి చూసింది పోవడానికి నెల ముందు, ఒక ఆదివారం. వదిన లోపల నిద్రపోతోంది. మేం అరుగు మీద కూర్చున్నాం. ఉన్నట్టుండి అన్నాడు.

"ఇరవై మూడు."

"ఏందన్నా?"

"ఆ డాక్టరమ్మ కొంచెం అనింది గదా. అది ఇరవై మూడు నిమిషాలు."

బండి బాగై వచ్చిన వారానికే ఆయన కొలిచాడట. వదిన బరువుకూ నా బరువుకూ సరిపడా ఇసుక మూటలు వేసుకుని, పొద్దున ఎనిమిది గంటల బస్సు వీధి మొగదలకు వచ్చేటప్పుడు ఇదే వాకిట్లోంచి బయలుదేరి, తిరుత్తణి ఆస్పత్రి గేటు దాకా. ఒకసారి కాదు, మూడు పొద్దులు. మూడింటికీ సగటు కట్టాడు. ఆ రోజు మేం చేరిన సమయం ఆస్పత్రి చీటీలో ఉంది. దాంట్లోంచి దీన్ని తీసేస్తే ఇరవై మూడు.

"డబ్బా లేకుండా ఉంటే ఇరవై మూడు నిమిషాలు ముందు పోయుంటాం. పదకొండు ఇచ్చే బండిలోనే."

నోటికొచ్చింది అన్నాను.

"డాక్టరమ్మ నాతో చెప్పిందన్నా. ఆ ఇరవై ముప్పై నిమిషాలకంతా ఏం మారేది కాదని."

"ఎప్పుడు చెప్పింది?"

"ఆ పొద్దే. నువ్వు మందులకి పోయినప్పుడు."

ఆయన నా వైపు తిరిగి చూశాడు. కోపం లేదు. నన్ను చూసి జాలిపడినట్టే ఉంది.

"వద్దు తమ్ముడా. మైలేజికి నేను ఎన్నో తూర్లు దొంగ లెక్క కట్టినా. నిండకుండానే నిండినాదని అనుకుంటి. నువ్వు చూసి గూడా ఊరకుంటివి, నాకు తెలుసు. ఇదొగటే నేను సరిగ్గా కొలిచింది. దీన్ని నువ్వు తగ్గించొద్దు."

లోపల వదిన లేచినట్టుంది, శబ్దం చేసింది. ఆయన మోకాళ్ళ మీద చేతులు ఊని లేచాడు. "ఆఁ, వస్తాండా, వస్తాండా" అంటూ లోపలికి వెళ్ళిపోయాడు.